పీపాలు నింపిన అల్లుడు

సిసిన్నియో కాలు విరిగి ఆసుపత్రిలో చేరిన మూడో రోజున, అతని అల్లుడు బకీజ్ వైను పీపాల గది తలుపు మొదటిసారి తన చేత్తో తాను తీశాడు.

పెళ్ళయి ఏడాదిన్నర. బకీజ్ పుట్టి పెరిగింది బార్బాజా కొండల్లో. తీర్సో నది ఒడ్డున ఉన్న ఈ పల్లపు ఊరికి ఇల్లరికం వచ్చాడు. వచ్చిన దగ్గర్నుంచీ ద్రాక్షతోట పనంతా అతనిదే. కొమ్మలు కత్తిరించడం, మొదళ్ళు తవ్వడం, కోత కోయడం. ఏ పనికీ మామ వంక పెట్టలేకపోయాడు. గది మాత్రం మామది. "అక్కడ నీకేం పని, నువ్వు తోట చూసుకో" అనేవాడు. కోపంతో అనేవాడు కాదు, అలవాటుగా అనేవాడు.

ఫిబ్రవరి గాలికి పెంకులు లేచిపోతే సర్దడానికి కప్పెక్కి జారిపడ్డాడు ముసలాయన. పాత తలుపు రెక్క మీద పడుకోబెట్టి వ్యానులోకి ఎక్కిస్తుంటే అల్లుణ్ణి దగ్గరికి రమ్మని సైగ చేశాడు.

"పీపాలు నీ మీద వదిలి పోతున్నానయ్యా" అన్నాడు, నొప్పికి పళ్ళు బిగబట్టి.

వీధిలో పదిమంది విన్నారు. ఇల్లరికపు అల్లుడికి అలాంటి మాట ఊరి ముందు వినబడటం ఎలా ఉంటుందో ఇల్లరికం వెళ్ళినవాడికే తెలుస్తుంది. బకీజ్ ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు.

గదికి పచ్చి ఇటుకల గోడలు. పైన రెల్లు పరిచి దాని మీద పెంకులు. గోడల్లో చూరు కింద అరచేయంత కంతలు, ఎప్పుడూ మూయరు. నాలుగు పెద్ద పీపాలు వరసగా, మూలన ఒక చిన్న పీపా. చిన్నదాని మీద ఒక సంవత్సరం చెక్కి ఉంది. బకీజ్ భార్య బొనారియా పుట్టిన ఏడు అది. ఆ ఇంట్లో ఆడపిల్ల పుడితే ఆ ఏటి వైను ఒక పీపాకు పట్టి పక్కన పెడతారు. ఆ పిల్లకు తొలిచూలు బిడ్డ పుట్టి, బాప్తిస్మం జరిగిన రోజున మొదటిసారి అందులోంచి తీసి బంధువులకు పోస్తారు. బొనారియాకు అప్పుడు ఆరో నెల.

బకీజ్ మొదటి పీపా ఎక్కి బిరడా లాగి టార్చిలైటు వేసి చూశాడు.

వైను జానెడు కిందకి ఉంది. అది చాలదన్నట్టు దాని మీద తెల్లటి పొర. ముడతలు పడి, కాచి చల్లార్చిన పాల మీద మీగడలా. రెండోది చూశాడు. అదే. మూడోది, నాలుగోది, మూలన ఉన్న చిన్నదీ. అన్నీ అంతే.

కొండల్లో నల్లద్రాక్ష వైను చేసేవాళ్ళ ఇళ్ళలో తెల్లపొర కనబడిందంటే ఆ ఇంట్లో రోగం కనబడినంత పని. వైను పులిసి సిర్కా అవడానికి అది మొదటి గుర్తు. బకీజ్ తండ్రి ప్రతి శనివారం పీపాలన్నీ చూసి, వేలెడు తగ్గినా నింపేవాడు. పీపాలో చోటు ఉంచినవాణ్ణి సోమరి కింద లెక్కకట్టేవాళ్ళు. పొర కట్టిందా, దానికొక వైద్యం ఉంది. పొడుగు మూతి గరాటు పొర కిందికి దించి, మెల్లగా, అడుగున అలజడి లేకుండా వైను పోస్తూ పోవాలి. పొర పైకి లేచి బిరడా కంతలోంచి పొర్లి బయటికి పోతుంది. దాన్ని శుభ్రమైన గుడ్డతో తుడిచి, అంచుదాకా నింపి, బిరడా బిగించాలి.

మామ ముసలివాడయ్యాడు, చూపు ఆనడం లేదు, ఎవరికీ చెప్పుకోలేక గది దగ్గరికి రానివ్వలేదు. బకీజ్‌కు అలా తోచింది. ముసలాయన మీద జాలి కలిగింది. ఈ సంగతి బొనారియాకు కూడా చెప్పకుండా, మామ పరువు పోకుండా, తానే బాగుచేసి పెట్టాలనుకున్నాడు.

రెండు రోజులు పట్టింది. నాలుగో పీపా ఖాళీ చేసి ఆ వైనుతో మిగతా మూడింటినీ, మూలన చిన్నదాన్నీ నింపాడు. చుక్క వృథా కాలేదు. పొర మొత్తం పొర్లి పోయింది. గుడ్డలు ఉతికి ఆరేశాడు. రెండో రోజు సాయంత్రం గది మధ్యలో నిలబడి చూసుకుంటే కడుపు నిండినట్టయింది.

మర్నాడు విస్సెంతా వచ్చింది. సిసిన్నియోకు అక్క, ఎదురింట్లో ఉంటుంది. డెబ్బై దాటినా పీపా వాసన చూసి అది ఏ తోటదో చెప్పగలదని ఊళ్ళో పేరు. మేనకోడలికి గుడ్లు తెచ్చి, పనిలో పనిగా గదిలోకి తొంగి చూసింది. మొదటి పీపాను వేలి కణుపుతో కొట్టింది. మళ్ళీ కొట్టింది. రెండోదాన్ని కొట్టింది. వరసగా కొట్టుకుంటూ మూలకి వెళ్ళి, చిన్నదాన్ని కొట్టి, దాని మీద చెయ్యి వేసి అలాగే ఉండిపోయింది.

"బకీజ్, ఇలా రా నాయనా. ఇవి ఎందుకు ఇంత నిండుగా పలుకుతున్నాయి?"

"నింపాను అత్తా." ఇంకా గర్వంగానే చెప్పాడు. "బూజు పట్టి ఉన్నాయి. మామ చూసుకోలేదు. అంతా తీసేశాను."

"ఏం తీసేశావు?"

"బూజు. ఆ తెల్లది."

విస్సెంతా చేతిలో గుడ్ల బుట్ట నేల మీద పెట్టింది. ఖాళీ పీపా కింద దిమ్మె మీద కూలబడింది.

"ఓరి నీ కొండలు తగలెయ్య! మన వెర్నాచా వైనుకి ప్రాణమే ఆ మీగడ కదరా! దాని కిందే కదా అది పండేది! తడిసిన పిల్లాడి మీంచి దుప్పటి లాగేసినట్టు లాగేసి, పైగా తీసేశానంటావా?"

"నాకెవరూ చెప్పలేదు" అన్నాడు.

"ఎందుకు చెప్తారు? ఆవు నాలుగు కాళ్ళ మీద నిలబడుతుందని నీకెవరైనా చెప్పారా? ఏడాదిన్నర బట్టి ఆ వైనే తాగుతున్నావు. పచ్చి బాదం వాసన ఎక్కణ్ణించి వస్తోందనుకున్నావు?"

"ద్రాక్షలోంచి అనుకున్నా."

"ద్రాక్షలోంచిట!" అని పైకప్పుకేసి చూసింది ముసలామె. కాసేపటికి ఆవిడ గొంతు తగ్గింది. "చిన్నదాన్ని కూడానా? దేంతో నింపావు?"

"పోయిన ఏటి దాంతో. ఇరవై లీటర్లు పట్టింది."

"ఇరవై నాలుగేళ్ళ దాంట్లో పోయినేటిది!" విస్సెంతా నుదురు కొట్టుకోబోయి ఆగింది, బొనారియా గుమ్మంలోకి వచ్చి నిలబడి ఉంది. పొట్ట మీద రెండు చేతులూ పెట్టుకుని ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. అంతా విందని మొహం చూస్తే తెలుస్తోంది. వెనక్కి తిరిగి ఇంట్లోకి వెళ్ళిపోయింది. బకీజ్‌కు ముసలామె తిట్లన్నిటికంటే అదే ఎక్కువ తగిలింది.

విస్సెంతా లేచి అతని భుజం పట్టుకుంది. "సరే, విను. మా ఇంట్లో రెండు పీపాలున్నాయి. చిక్కటి మీగడ. రేపు నీకు ఒక్కో పీపాకి గరిటెడు తీసిస్తా. నువ్వు జానెడు వైను తోడేసి, మీగడ పైన వదిలెయ్. నెలలో అల్లుకుంటుంది. మా తమ్ముడు ఇంటికొచ్చేసరికి ఎక్కడిదక్కడ ఉంటుంది. వాడికి చెప్పక్కర్లేదు. గుండెజబ్బు మనిషి వాడు."

ఆ రాత్రంతా బకీజ్ ఆ మాటే ఆలోచించాడు. పక్కన బొనారియా గోడవైపు తిరిగి పడుకుంది. నిద్రపోవడం లేదని ఊపిరిని బట్టి తెలుస్తోంది.

"అత్త చెప్పినట్టు చెయ్యనా?" అన్నాడు చీకట్లో.

"చెయ్యి. అత్త వాళ్ళ పీపా వాసన వస్తుంది వైనుకి. నాన్న ఒక్క గుక్కలో కనిపెడతాడు. అప్పుడు నువ్వు వైనే కాదు, ఇంకోటి కూడా పాడుచేసినవాడివవుతావు." కొంచెం ఆగి, "పీపా కోసం కాదు నేను ఏడ్చింది. నాకు చెప్పకుండా రెండు రోజులు ఆ గదిలో ఉన్నావే, అందుకు" అంది.

తెల్లవారి మొదటి బస్సుకు బకీజ్ ఒరిస్తానో ఆసుపత్రికి వెళ్ళాడు.

సిసిన్నియో కాలు పైకి వేలాడగట్టి ఉంది. గడ్డం మాసింది. పక్క మంచం మీద చేపలు పట్టేవాడొకడు, చేతికి కట్టుతో, వాళ్ళిద్దర్నీ చూడటం తప్ప వేరే పని లేనట్టు పడుకుని ఉన్నాడు. బకీజ్ కుర్చీలో కూర్చోలేదు. నిలబడే చెప్పాడు. పొర చూసిన దగ్గర్నుంచి గుడ్డలు ఉతికి ఆరేసిందాకా, ఏదీ వదలకుండా.

సిసిన్నియో కళ్ళు మూసుకున్నాడు. చాలాసేపు తెరవలేదు.

"పడుకున్నాడా?" అన్నాడు జాలరి గుసగుసగా.

"పడుకోలేదు" అన్నాడు సిసిన్నియో కళ్ళు మూసుకునే. తర్వాత, "గరాటు దేంతో కడిగావు?" అని అడిగాడు.

"వేణ్ణీళ్ళతో."

"సబ్బు?"

"లేదు."

"ఖాళీ చేసిన పీపాకి?"

"అదీ వేణ్ణీళ్ళే."

ముసలాయన కళ్ళు తెరిచాడు. అల్లుడి మొహంలోకి నేరుగా చూశాడు. "గంధకం పొగ పెట్టావా? మీ కొండల్లో పెడతారుగా. నిజం చెప్పు."

బకీజ్ తల దించుకున్నాడు. "పెడదామనే కొన్నాను. అన్ని పీపాలకీ బిరడా దగ్గర కొంచెం కొంచెం పట్టిద్దామనుకున్నా. పెరట్లో ఒక పట్టీ వెలిగించి చూశాను. ఆ వాసనకి బొనారియా వాంతి చేసుకుంది. ఇంట్లో ఆ కంపు వద్దని అరిచింది. ఆర్పేసి మట్టిలో పూడ్చేశా."

సిసిన్నియో ఛాతీ కదిలింది. నొప్పి అనుకున్నాడు బకీజ్. నర్సును పిలవబోయాడు. నొప్పి కాదు, నవ్వు. కాలు కదిలి "అమ్మా" అంటూనే నవ్వాడు.

"కడుపులో ఉన్నదానికి ఉన్న బుద్ధి నీకు లేదు కదయ్యా!"

"మామా..."

"మీగడ పోతే పోయింది. దాని విత్తనం చెక్కలో ఉంటుంది, గోడల్లో ఉంటుంది, ఆ రెల్లు కప్పులో ఉంటుంది. మా తాత నాటినుంచీ ఉంది. గంధకం తగిలి ఉంటే అన్నీ చచ్చేవి. అప్పుడు ఆ గదిలో మేకల్ని కట్టుకోవాల్సిందే." ఊపిరి తీసుకుని మెల్లగా చెప్పాడు. "వెళ్ళి ఒక్కో పీపాలోంచి అయిదో వంతు తోడెయ్. తోడింది ఖాళీ పీపాలో పొయ్యి. బిరడాలు బిగించకు, ఊరికే పైన పెట్టు. ఆ తర్వాత తలుపు వేసెయ్. మే నెల దాకా ముట్టుకోవద్దు. బిరడా ఎత్తొద్దు, టార్చి వెయ్యొద్దు, పీపా జరపొద్దు."

"మధ్యలో ఏం చెయ్యాలి?"

"ఏమీ చెయ్యొద్దు. అదే పని."

"చిన్న పీపా?"

"దాంట్లో సరుకు పాతది. పాతదాని మీద మీగడ కట్టడం కష్టం. చూద్దాం" అన్నాడు.

బకీజ్ గుమ్మం దాటుతుంటే జాలరి గొంతు వినబడింది. "కష్టపడేవాడేనయ్యా నీ అల్లుడు."

"అదే కదా వచ్చిన చిక్కు" అన్నాడు సిసిన్నియో.

ఏమీ చెయ్యకపోవడం బకీజ్‌కు చేతకాని పని. చేతులు ఊరుకునేవి కావు. తోటంతా రెండుసార్లు తవ్వాడు. మామ సర్దబోయి పడిన పెంకులు సర్దాడు. కంచె కొత్తగా కట్టాడు. గది ముందు నుంచి రోజుకు పదిసార్లు నడిచేవాడు. ఒక్కోసారి తలుపుకు చెవి ఆనించి నిలబడేవాడు, లోపల ఏదో వినబడుతుందన్నట్టు. బొనారియా చూసి నవ్వేది. నవ్వడం మొదలుపెట్టింది కదా, అదే చాలనుకునేవాడు.

ఊళ్ళో సంగతి దాగలేదు. విస్సెంతా చెప్పిందో, బస్సులో ఎవరు విన్నారో. కాఫీ కొట్లో అడుగు పెడితే చాలు.

"రావయ్యా కొండల అల్లుడూ! మా ఇంట్లో ఒక పీపా వెలితిగా ఉంది, సాయంత్రం వచ్చి కాస్త నింపి పెడతావా?"

"వాడి ముందు గ్లాసు పెట్టకండిరా, అంచుదాకా పోసేస్తాడు!"

మొదట్లో ఒళ్ళు మండేది. ఒకరోజు తానే ఒక గ్లాసు తీసుకుని, అందులో అయిదింట నాలుగు వంతులే పోసుకుని, "ఇక్కడి పద్ధతి ఇదేనటగా" అని అందరికీ చూపించి తాగాడు. కొట్టంతా నవ్వింది. ఆ రోజు నుంచి వేళాకోళం తగ్గింది.

ఏప్రిల్‌లో సిసిన్నియో చంకకర్రల మీద ఇంటికొచ్చాడు. గదివైపు చూశాడు కానీ వెళ్ళలేదు. అల్లుడి చేతులు కాయలు కాసి పగిలి ఉండటం చూశాడు. తవ్విన తోట చూశాడు.

మే రెండో వారంలో తలుపు తెరిచారు. విస్సెంతా కూడా వచ్చింది. ముసలాయన ఎక్కలేడు కాబట్టి బకీజ్ ఎక్కాడు. మొదటి పీపా బిరడా ఎత్తి టార్చి వేశాడు.

"చెప్పు" అన్నాడు సిసిన్నియో కింద నుంచి.

"కట్టింది మామా. పల్చగా ఉంది. మొత్తం కప్పేసింది."

"ముడతలు పడిందా?"

"అంచుల్లో పడుతోంది."

రెండోది, మూడోది కూడా అంతే. తోడిన వైను పోసిన నాలుగోదాని మీద సగం దాకా అల్లుకుంది. విస్సెంతా శిలువ గుర్తు వేసుకుంది. బకీజ్ మూలకి వెళ్ళాడు. చిన్న పీపా బిరడా తీసి చూశాడు. వైను నల్లగా, నున్నగా, అద్దంలా మెరిసింది. దాంట్లో అతనికి తన మొహమే కనబడింది.

"లేదు" అన్నాడు.

సిసిన్నియో చిన్న గ్లాసులో కొంచెం తీయించాడు. వాసన చూసి అక్కకు ఇచ్చాడు. ఆవిడ ముక్కు దగ్గర పెట్టుకుని రెండుసార్లు పీల్చింది.

"పులవలేదు" అంది చివరికి. "చావలేదు. అలాగని బతికి ఉన్నట్టూ లేదు. ఏమైందో దానికే తెలియదు."

జూన్ మొదట్లో బొనారియాకు ఆడపిల్ల పుట్టింది. బాప్తిస్మానికి నెలాఖరు ఆదివారం అనుకున్నారు. విందుకు ఈల్ చేపలకు, మేకపిల్లలకు చెప్పారు, కొండల నుంచి బకీజ్ తరపువాళ్ళు పదిహేనుమంది వస్తున్నారు. ఎవరూ పీపా మాట ఎత్తలేదు. ఎత్తడం లేదన్న సంగతి అందరికీ తెలుసు. ఆచారం ప్రకారం ఆ రోజు చిన్న పీపాలోంచి తియ్యాలి. తీస్తే ఇరవై నాలుగేళ్ళు పెట్టి దాచింది రుచి లేకుండా బంధువుల నోట్లో పడుతుంది. తియ్యకపోతే ఎందుకు తియ్యలేదో బకీజ్ తండ్రి ముందు, అన్నదమ్ముల ముందు చెప్పాలి.

శనివారం పొద్దున సిసిన్నియో చేతికర్ర ఊతంతో గది దగ్గరికి వచ్చాడు. "ఎక్కి చూడు. రేపు పొయ్యాలా వద్దా తేల్చాలి కదా" అన్నాడు.

బకీజ్ ఎక్కాడు. బిరడా మెల్లగా ఎత్తాడు. టార్చి వేశాడు. మొదట అద్దమే కనబడింది. తర్వాత వెలుగు కొంచెం పక్కకు జరిపి, చెక్క దగ్గరగా చూశాడు. మరికాస్త వంగాడు.

"ఏమయింది?"

"చుక్కలున్నాయి మామా. చెక్కను ఆనుకుని. తెల్లగా. పెసరబద్దంత ఉన్నాయి. ఏడు... కాదు, ఎనిమిది."

"ఊదకు! మొహం దూరంగా పెట్టు!"

"ఊదడం లేదు."

"ఒకదానికొకటి కలిశాయా?"

"రెండు కలిశాయి."

సిసిన్నియో కర్ర మీద బరువంతా వేసి నిలబడ్డాడు. తల ఎత్తి అడిగాడు. "ఇప్పుడు చెప్పు. రేపు తీద్దామా?"

అది చెప్పడం కాదు, అడగడం. ఆ ఇంట్లో ఇన్నాళ్ళకి మామ తనను అడిగిన మొదటి సలహా అని బకీజ్‌కు తెలిసింది. బిరడా ఉన్నచోట పెట్టి కిందికి దిగాడు. రేపు తన తండ్రి ఏమంటాడో, అన్నలు ఎంత నవ్వుతారో అంతా కళ్ళ ముందు కదిలింది.

"వద్దు మామా. కుళాయి తిప్పితే కదులుతుంది. ఇప్పుడే కడుతోంది. రెండేళ్ళు వదిలేద్దాం. రేపు మొదటి పీపాలోది తీసి పోద్దాం. మావాళ్ళు అడిగితే నేను చేసిందేమిటో నేనే చెప్తా."

"రెండేళ్ళు చాలా?"

"మీరు చెప్పాలి."

"నన్ను అడగవేం?"

ఇద్దరూ తిరిగి చూశారు. బొనారియా గుమ్మంలో ఉంది, పిల్లను భుజాన వేసుకుని. "పీపా నాది. నా పేరు మీద పట్టింది. మీరిద్దరూ రెండేళ్ళు, మూడేళ్ళు అని బేరం పెట్టుకుంటున్నారు."

"సరే తల్లీ, నువ్వే చెప్పు" అన్నాడు సిసిన్నియో.

ఆమె పిల్ల తల నిమురుతూ ఆలోచించింది. "ఇది తనంతట తాను నడిచి ఆ పీపా దగ్గరికి వెళ్ళి దాన్ని కొట్టిన రోజున తీద్దాం. ఆచారం ఏమంటుందో మీరిద్దరూ మాట్లాడుకోండి. మా నానమ్మ ఉంటే నా మాటే అనేది."

"మీ నానమ్మ ఉంటే మీ ఆయన్ని కర్రతో కొట్టేది" అన్నాడు ముసలాయన.

"కొట్టి, తర్వాత నా మాటే అనేది."

ఆదివారం మధ్యాహ్నం పెరట్లో బల్లల దగ్గర అరవైమంది కూర్చున్నారు. బకీజ్ తండ్రి మొదటి పీపాలోంచి తీసిన గ్లాసు వెలుగులో పెట్టి చూసి, తాగి, నాలుకతో పెదాలు తడుముకున్నాడు. "బాగుంది. కానీ చిన్న పీపాలోది అన్నారు కదా?"

బల్ల చివర సిసిన్నియో నోరు తెరవబోయాడు. బకీజ్ చెయ్యి అడ్డం పెట్టాడు. లేచి నిలబడ్డాడు.

"నాన్నా, ముందు నవ్వనని మాటివ్వండి" అని మొదలుపెట్టాడు.

ఎవరూ మాట ఇవ్వలేదు. గుడ్డలు ఉతికి ఆరేసిన దగ్గరికి వచ్చేసరికి అతని అన్నలు బల్ల మీద తలలు పెట్టి నవ్వుతున్నారు. తండ్రి మాత్రం నవ్వకుండా ఖాళీ గ్లాసు వాసన చూస్తూ ఉన్నాడు.

"ఆ బూజేదో నాకు చూపించరా" అన్నాడు కొడుకుతో.

బకీజ్ మామ వైపు చూశాడు. సిసిన్నియో తల ఊపాడు. తండ్రినీ కొడుకునీ గదివైపు వెళ్ళనిచ్చి, వెనక నుంచి కేక వేశాడు.

"బావగారూ, మీ చేతులు జేబులో పెట్టుకుని చూడండి!"